ఓనరు గారి అంతరాత్మకు పార్కింగ్ కావాలి

హైదరాబాద్‌లో కోటి రూపాయల కారు కొనడం పెద్ద విషయం కాదు. దాన్ని జీడిమెట్లలో ఫ్యాక్టరీల మధ్యకు తీసుకెళ్లడమే కష్టం. కోకాపేటలో ఆ కారును ఎవరూ తల తిప్పి చూడరు. సెల్లార్‌లో దానికి అటూ ఇటూ దాని అన్నదమ్ములే నిలబడి ఉంటాయి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడితే ముందూ వెనకా అవే. పైగా మనది పాత మోడల్ అని కొంచెం చిన్నతనంగా కూడా ఉంటుంది. యూసుఫ్‌గూడ దాటాక చూపులు మొదలవుతాయి. ఎర్రగడ్డ, సనత్‌నగర్ దాకా ఎలాగో నెట్టుకు రావచ్చు. బాలానగర్ ఫ్లైఓవర్ ఎక్కేదాకా అది కారు. దిగాక సంజాయిషీ.

ఈ సంజాయిషీతో రోజూ నలిగిపోతున్న చిన్న పరిశ్రమల యజమానుల గురించి మన సాహిత్యం నోరు విప్పలేదు. కార్మికుడి చెమట మీద కవితలున్నాయి, సమ్మెల మీద పాటలున్నాయి. యజమాని అంతరాత్మ మీద ఒక్క ఖండకావ్యమైనా ఉందా? ఆ లోటు కొంతవరకైనా పూడ్చాలనే ఈ ప్రయత్నం.

నాకు తెలిసిన ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్ ఓనరు గారున్నారు. షెడ్లు, గేట్లు, ట్రస్సులు చేస్తారు. నలభై మంది దాకా పనివాళ్లు. అద్దె స్థలంలో ఒక్క వెల్డింగ్ మిషన్‌తో మొదలుపెట్టి పైకొచ్చిన మనిషి. ప్రతి నెలా ఏడో తారీఖు లోపు జీతాలిస్తారు. అది తన మంచితనమని ఆయన నమ్మకం. చట్టం కూడా ఆ తారీఖే చెప్పిందని ఎవరూ ఆయనకు చెప్పలేదు, చెప్పి మనసు నొప్పించడం నాకూ ఇష్టం లేదు. మొన్న దసరాకు బెంజి కారు తీసుకున్నారు. తాడ్‌బండ్ ఆంజనేయస్వామి గుడి దగ్గర పూజ చేయించారు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు చితికాయి. దిష్టి పోయింది. గిల్టీ ఫీలింగ్ మాత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర కాచుకుని ఉంది.

గేటు పక్కన రేకుల షెడ్డు ఒకటుంది. అంతకుముందు అందులో పనివాళ్ల బండ్లు ఉండేవి. కొత్త కారు వచ్చిన రోజే వాచ్‌మన్ ఎవరూ చెప్పకుండానే ఆ బండ్లన్నీ బయటికి తీయించి, "సార్, గీడ నీడకు పెట్టున్రి, ఎండకు రంగు వోతది" అన్నాడు. ఓనరు గారు వద్దన్నారు. మళ్లీ వద్దన్నారు. మూడోసారి అడిగేసరికి అతని మాట కాదనలేక పెట్టారు. ఎదుటివాడి ప్రేమను తోసిపుచ్చే మనిషి కాదు.

అప్పటినుంచి బండ్లు ఎండలో ఉంటున్నాయి. పనివాళ్లు వెల్డింగ్ రాడ్ల డబ్బాలు చింపి, ఆ అట్టలు సీట్ల మీద పరుస్తారు. గాలికి ఎగిరిపోకుండా పైన ఒక ఇనుప ముక్క పెడతారు. సాయంత్రం డ్యూటీ దిగాక ఆ అట్ట తీసి, సీటును అరచేత్తో ఒకసారి తట్టి చూసి, ఇంకా కాలుతుంటే లేచి నిలబడే బండి నడుపుకుంటూ గేటు దాటుతారు. మే నెలలో చూస్తే వాళ్లందరూ సర్కస్ నుంచి వస్తున్నట్టుంటుంది. ఓనరు గారికి ఇది కనబడదు. ఆయన బాధ చాలా లోతైనది, ఇలా పైపైన కనిపించే వాటి దగ్గర ఆగదు.

ఆయన బాధంతా చూపుల గురించి. అందరూ తొమ్మిదికి వస్తారు కాబట్టి ఆయన పదిన్నరకు రావడం మొదలుపెట్టారు. పదిన్నరకు టీ టైం, అందరూ గేటు దగ్గరే ఉంటారు. ఎనిమిదికి వచ్చి చూశారు. వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు గానీ, సార్ ఎనిమిదికే వచ్చిండంటే ఏదో ఉందని ఫోర్‌మన్‌కు ఫోన్ చేశాడు. పోనీ అద్దాలకు నల్ల ఫిల్ము వేయించుకుని లోపల దాక్కుందామంటే ఆ దారిని సుప్రీంకోర్టు 2012లోనే మూసేసింది. ధనవంతుల సిగ్గును కోర్టులు కూడా పట్టించుకోని రోజులివి.

చివరికి కారు వెనక ఉన్న బ్యాడ్జి తీసేయించారు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, దారంతో జాగ్రత్తగా కోసి, గుర్తు కూడా లేకుండా తీశారు. మర్నాడు ఫ్యాక్టరీలో గగ్గోలు. "సార్, మీ కారు బ్యాడ్జి ఎవడో కొట్టేసిండు!" వాచ్‌మన్ పిల్లల మీద ఒట్టేశాడు. సీసీ కెమెరా ఫుటేజీ తిరగేశారు. నలభై మందినీ నిలబెట్టి అడుగుదామా అని ఫోర్‌మన్ అన్నప్పుడు ఓనరు గారు కంగారుగా "పోనీలే, పోనీలే" అన్నారు. ఎంత పెద్ద మనసో అని అందరూ అనుకున్నారు. అందరూ చూస్తున్నది బ్యాడ్జి లేని ఆ కారు నంబరు ప్లేటునే. అంకెలన్నీ కూడితే తొమ్మిది.

నంబరు దగ్గర మాత్రం ఆయనకు గిల్టీ ఉండదు. అది సరదా కాదు, శాస్త్రం. ఈ ఊళ్లో అది పెద్ద శాస్త్రమే మరి. 2024 ఆగస్టులో ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో టీజీ 09 9999 నంబరు 25 లక్షలు దాటి పలికింది. ఆ డబ్బుకు రెండు మంచి కార్లు వస్తాయి, వాటికి నంబరు ప్లేట్లు ఊరికే వస్తాయి. మన ఓనరు గారు అంత దూరం పోలేదు. ఎంత దూరం పోయారో ఇంట్లో కూడా చెప్పలేదు.

మనసుకు ఊరట కోసం ఆయన తర్వాత ఆశ్రయించింది ఆడిటర్‌ని. "కారు నాది కాదయ్యా, కంపెనీ పేరు మీద తీసుకున్నాం" అనే మాట అక్కడినుంచి వచ్చిందే. ఎవరూ అడగకపోయినా చెబుతారు. పెద్ద కార్లకు 28 శాతం జీఎస్టీ, దాని మీద 22 శాతం దాకా సెస్సు ఉండేవి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్సు తీసేసి మొత్తం 40 శాతం చేశారు. "ఆగి కొన్నాను కాబట్టి ఎంత మిగిలిందో తెలుసా?" అని అకౌంటెంట్ భుజం తట్టారు. అకౌంటెంట్ కూడా ఇంక్రిమెంట్ కోసం ఆగే ఉన్నాడు. ఆగితే డబ్బు మిగులుతుందన్నది నిజమే, ఎవరికన్నదే తేడా.

ఆడిటర్ చెప్పినవాటిలో ఓనరు గారికి బాగా నచ్చింది తరుగుదల. కారు ఏటా 15 శాతం అరుగుతుందని ఆదాయపు పన్ను వాళ్లు ఒప్పుకుంటారు, ఆ మేరకు లాభంలోంచి తీసేసుకోవచ్చు. ఇరవై ఏళ్లుగా గ్రైండింగ్ దగ్గర నిలబడ్డ మోకాళ్లు ఎంత శాతం అరుగుతాయో ఏ షెడ్యూల్లోనూ లేదు. నచ్చనిది ఇన్‌పుట్ క్రెడిట్. డ్రైవరుతో కలిపి 13 మందికి మించని కారైతే కట్టిన జీఎస్టీ తిరిగి రాదు. అదే పనివాళ్లను తీసుకొచ్చే బస్సు కొంటే వచ్చేది. ఈ సంగతి ఆడిటర్ చెప్పలేదు, ఆయన అడగలేదు. అడిగింది ఇంకొకటి. ఈ గిల్టీ ఫీలింగ్‌తో నిద్ర లేదు, బీపీ వస్తోంది, దీన్ని కంపెనీ ఖర్చు కింద రాయొచ్చా అని. ఆడిటర్ కాసేపు ఆలోచించి, "బిల్లుంటే చూద్దాం సార్" అన్నాడట.

ఇంతకీ ఆ చూపుల్లో ఏముందో తెలుసుకుందామని నేను గేటు ముందు టీ బండి దగ్గర నిలబడ్డాను. కుళ్లు, కసి, వర్గ పోరాటం లాంటివి దొరుకుతాయనుకుంటే లెక్కలు దొరికాయి. ఆన్‌రోడ్ ధర ఎంతో, ఇన్సూరెన్స్ ఎంతో, ఫస్ట్ సర్వీసుకు ఎంతవుతుందో ఓనరు గారికంటే వాళ్లకే బాగా తెలుసు.

"ఒక్క టైరెంత ఉంటదే?"

"ముప్పై వేల పైనే ఉంటదంట."

"అంటే సార్ నాలుగు టైర్ల మీద నడుస్తుండు, నేను గా నాలుగు టైర్ల మీద ఐదు నెలలు నడుస్త."

"స్టెప్నీ ఎక్కడుంటదన్నా?"

"గా కారుకు స్టెప్నీ ఉండదురా."

ఒక్కసారి అందరూ గ్లాసులు దించారు. స్టెప్నీ లేని బండికి కోటి రూపాయలా? ఔటర్ రింగ్ రోడ్డు మీద అర్ధరాత్రి టైరు పగిలితే పాపం సార్ ఏం చేస్తాడు? ఆ జాలి చూసి నాకే కళ్లు చెమర్చాయి. వాళ్లు నిజంగానే బాధపడ్డారు. ఆ ఫ్యాక్టరీలో ఇప్పటికీ జీతాలను టైర్లలోనే కొలుస్తారు. ఇంక్రిమెంట్ ఎంత అడుగుదామంటే, ఒక వాల్వు మూతంత అడుగుదాంలే అంటారు.

నిజానికి ఈ విషయంలో హైదరాబాద్‌కు గొప్ప సంప్రదాయమే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చి, అది చేతికి అందకుండానే 1911లో కన్నుమూశారు. పసుపు రంగు బండి, వెనక సీటు సింహాసనంలా ఉంటుంది. ఆయన తర్వాత నిజాం అయిన ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని పెద్దగా తిప్పనే లేదు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో జనం సెల్ఫీలు దిగుతున్నది దాని పక్కనే. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రం వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది ఈయన గురించే. పాత టోపీ, నలిగిన షేర్వానీ, జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకునేవారని కథలు. మంచి కారు ఇంట్లో పెట్టి బయట సాదాసీదాగా కనిపించాలనే విద్యకు ఈ ఊళ్లో ఆదిగురువు ఆయనే.

మన ఓనరు గారు కూడా ఆ బాటే పట్టారు. బెంజి ఇంట్లో పెట్టి, వాళ్లావిడ నడిపే పాత ఆల్టోలో ఫ్యాక్టరీకి రావడం మొదలుపెట్టారు. కానీ నిజాం పాత టోపీ పెట్టుకుంటే పిసినారి అన్నారు. జీడిమెట్లలో ఓనరు పాత కారు దిగితే దివాలా అంటారు. సోమవారం పొద్దున ఆల్టో గేటు దాటింది. మధ్యాహ్నం అన్నం టైముకల్లా "సార్ కారు బ్యాంకోళ్లు గుంజుకపోయిన్రంట" అని ఫ్యాక్టరీ అంతా పాకింది. మంగళవారం ఇద్దరు వెల్డర్లు చెర్లపల్లిలో పని అడిగొచ్చారు. "ఈ నెల జీతాలు పడ్తయా సార్?" అని స్టోర్ కీపర్ మొహం మీదే అడిగాడు. బుధవారం స్టీలు వ్యాపారి ఫోన్. అంతకుముందు ఎప్పుడూ చట్టం ఊసెత్తని మనిషి, చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో డబ్బులివ్వాలని, లేటైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ పడుతుందని సెక్షన్‌తో సహా చదివి వినిపించాడు. గురువారం బ్యాంకు నుంచి ఒక కుర్రాడు ఊరికే టీ తాగడానికి వచ్చాడు.

ఓనరు గారికి రావలసిన బిల్లులూ ఉన్నాయి మరి. అవి ఇవ్వాల్సిన బిల్డర్ 45 రోజులు కాదు కదా, రెండు పండగలు దాటించేశాడు. ఆయనది ఇంకా పెద్ద కారు. ఆయనకు గిల్టీ లేదా అని నేనడిగాను. కారు ధరతో పాటు గిల్టీ పెరుగుతుందని నా అంచనా. అది ఒక స్థాయి వరకేనట. ఆ తర్వాత డ్రైవర్ని పెట్టుకుంటారు, చూపులన్నీ అతని మీద పడతాయి.

శుక్రవారం బెంజి మళ్లీ గేటులోకి వచ్చింది. వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. ఫోర్‌మన్ స్వయంగా గుడ్డ తెచ్చి బానెట్ తుడిచాడు. సాయంత్రానికి స్టీలు వ్యాపారి ఒక లోడు అప్పు మీద పంపించాడు. ఆ రాత్రి ఓనరు గారికి జ్ఞానోదయం అయింది. తాను ఈ కారు నడుపుతున్నది తనకోసం కాదు, పనివాళ్ల ధైర్యం కోసం. వాళ్లు టెన్షన్ లేకుండా నిద్రపోవాలంటే తాను మసాజ్ వచ్చే సీట్లో కూర్చోక తప్పదు. ఎంతటి త్యాగం!

జీతాలు పెంచితే గిల్టీ తగ్గుతుందని వాదించే అతివాదులు కొందరున్నారు. అకౌంటెంట్ ఒకసారి ఆ లెక్క వేశాడు కూడా. కారు ఈఎంఐ నెలకు లక్షా అరవై వేలు, నలభై మందికి పంచితే తలా నాలుగు వేలు. గోడ క్యాలెండర్ మూల మీద వేసిన ఆ లెక్కను తనే చూసి భయపడి, ఆ మూల చింపేసి జేబులో పెట్టుకున్నాడు. దాంతో ఆ నెలలో రెండు ఏకాదశులు పోయాయి.

ఎండలు ముదిరాక ఒకరోజు ఫోర్‌మన్ చేతులు కట్టుకుని వచ్చి, "సార్, బండ్లకు చిన్న షెడ్డు వేస్తే మంచిగుంటది" అన్నాడు. ఓనరు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లకు తన అంతరాత్మకు చేతినిండా పని దొరికింది. అదీ ఆయన చేతిలో ఉన్న పని. మేడ్చల్ నుంచి పటాన్‌చెరు దాకా ఆయన వేసిన షెడ్లు ఎన్నో. వెనక యార్డులో మిగిలిపోయిన పైపులు, రేకులు తుప్పు పడుతున్నాయి. నలుగురు మనుషులు, ఒక ఆదివారం, అంతే. వెంటనే చేద్దామన్నారు. కాకపోతే పద్ధతి ప్రకారం చేద్దామన్నారు. కొలతలు తీయించారు, డ్రాయింగ్ గీయించారు. కస్టమర్ అన్న చోట తన కంపెనీ పేరే రాయించి, తన కంపెనీ లెటర్‌హెడ్ మీదే కొటేషన్ వేయించి, తనే సంతకం పెట్టి, తనకే పంపించుకున్నారు. రేటు నచ్చలేదు. తనతో తనే రెండు వారాలు బేరమాడి కొంత తగ్గించుకున్నారు. కొటేషన్ కింద ఎప్పుడూ ఉండే షరతు అలాగే ఉంది, సగం అడ్వాన్స్ అందాకే పని మొదలు. ఆ అడ్వాన్స్ ఇంకా రాలేదు.