గ్రెయిన్స్‌కి కారణం ఐఎస్ఓ కాదు, చాలని వెలుతురు

గంగమ్మ జాతర దగ్గరపడేకొద్దీ తిరుపతి, చిత్తూరు ఫొటో గ్రూపుల్లో గ్రెయిన్స్ (ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు, నాయిస్ అన్నా ఇదే) గురించి ఒక వాట్సాప్ సలహా మళ్లీ మళ్లీ తిరుగుతుంది. దాని సారాంశం ఇదీ: “గ్రెయిన్స్ తెచ్చేది ఐఎస్ఓనే. రాత్రయినా 100 పెట్టండి, మహా అయితే 400. ఫొటో చీకటిగా వస్తే లైట్‌రూమ్‌లో (ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) పెంచుకోవచ్చు. మెగాపిక్సెల్స్ ఎక్కువైతే గ్రెయిన్స్ ఎక్కువ, సైజు తగ్గించి తీయండి. ఎండకి కెమెరా వేడెక్కితే ఇంకా ఎక్కువ, తీసే ముందు ఏసీలో ఉంచండి. నాయిస్ రిడక్షన్లు అన్నీ ఆన్ చేయండి.” ఇందులో సగం తప్పు. మిగతా సగం నిజమే గానీ, ఉండాల్సిన చోట లేదు.

“గ్రెయిన్స్ తెచ్చేది ఐఎస్ఓనే.” కాదు. వెలుతురు కెమెరా సెన్సర్ మీద ఫోటాన్లనే కణాలుగా, వాన చినుకుల్లా పడుతుంది. ఒకే రంగు గోడను తీసినా పక్కపక్క పిక్సెళ్లకు ఒకే లెక్కన ఫోటాన్లు అందవు. సగటున 100 అందే చోట హెచ్చుతగ్గు సుమారు 10 ఉంటుంది, అంటే 10 శాతం. 10,000 అందే చోట హెచ్చుతగ్గు 100, అంటే 1 శాతమే. మనకు కనిపించే గ్రెయిన్స్‌లో ఎక్కువ భాగం ఇదే. ఇది వెలుతురులోనే ఉంది, ఎంత ఖరీదైన కెమెరా కొన్నా పోదు. దీనికి తోడు సెన్సర్‌ని చదివేటప్పుడు ఎలక్ట్రానిక్స్ కలిపే నాయిస్ (రీడ్ నాయిస్) కొంత ఉంటుంది.

సెన్సర్‌కి ఎంత వెలుతురు చేరాలో నిర్ణయించేవి అక్కడి లైట్లు, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం), షట్టర్ (అది తెరిచి ఉండే సమయం). ఐఎస్ఓ పని ఆ తర్వాతే: వచ్చిన సిగ్నల్‌ని పెంచడం. మరి ఐఎస్ఓ పెంచితే గ్రెయిన్స్ ఎందుకు కనిపిస్తాయి? ఆటోలో ఐఎస్ఓ పెరిగితే షట్టర్ వేగం పెరుగుతుంది, లేదా అపర్చర్ మూసుకుంటుంది. లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. తప్పు అక్కడ జరిగితే నింద ఐఎస్ఓ మీద పడుతోంది.

లెక్క వేసి చూద్దాం. రాత్రి జాతర వీధిలో ట్యూబులైట్ల కింద ఎఫ్/2.8 అపర్చర్ (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ), 1/125 సెకను షట్టర్, ఐఎస్ఓ 6400 దగ్గర ఫొటో సరిగా వస్తోందనుకోండి. ఆటోలో ఐఎస్ఓ 100కి దించితే షట్టర్ అర సెకనుకి పడిపోతుంది, వేషగాళ్లు మసకబారిన మరకలవుతారు. మాన్యువల్‌లో 1/125 అలాగే ఉంచి 100లో తీస్తే ఫొటో 6 స్టాప్‌లు చీకటి (ఒక్కో స్టాప్‌కి వెలుతురు సగమవుతుంది). లైట్‌రూమ్‌లో ఎక్స్‌పోజర్ స్లైడర్ +5 దగ్గరే ఆగిపోతుంది. జేపెగ్‌లో ఉన్నవే 256 మెట్లు, అంత చీకటి ఫైలుని పైకి లాగితే నీడల్లో మిగిలేది మచ్చలే. రా ఫైలైనా (సెన్సర్ డేటాని దాదాపు ఉన్నదున్నట్టు దాచేది) చాలా కెమెరాల్లో తక్కువ ఐఎస్ఓ దగ్గర రీడ్ నాయిస్ ఎక్కువ. పాత కెనాన్ బాడీల్లో నీడల్ని లాగగానే గీతలు తేలేది అందుకే. అంటే ఈ సలహా పాటిస్తే గ్రెయిన్స్ తగ్గవు, చాలాసార్లు పెరుగుతాయి.

మీ కెమెరా సంగతి తేల్చుకోవడానికి పావుగంట చాలు. గదిలో ఒక్క బల్బు, ట్రైపాడ్, రా ఫార్మాట్. ఎఫ్/4, 1/60 మార్చకుండా, 6400 దగ్గర సరిగా వచ్చేలా బల్బుని దగ్గరికో దూరానికో జరపండి. అదే సెట్టింగ్‌తో 6400లో, 1600లో, 400లో తీయండి. తర్వాత 1600లో తీసినదాన్ని +2, 400లో తీసినదాన్ని +4 పెంచి మూడింటి నీడల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ ఒకేలా ఉంటే, జాతరలో 1600 పెట్టి తర్వాత పెంచుకున్నా నష్టం లేదు. పైగా సీరియల్ బల్బులు, అమ్మవారి బంగారం తెల్లగా కాలిపోకుండా మిగులుతాయి. తేడా కనిపిస్తే మాత్రం కెమెరాలోనే ఐఎస్ఓ పెంచడం మంచిది.

ఆ సలహా పుట్టిన చోటు ఒకటుంది. చంద్రగిరి కోట రాజమహల్‌నో, లైట్లు వేసిన గోపురాన్నో ట్రైపాడ్ మీద తీసేటప్పుడు ఐఎస్ఓ 100 సరైనదే. అక్కడ షట్టర్‌ని సెకన్ల తరబడి తెరిచి వెలుతురు నింపుకోవచ్చు. కదిలే మనుషులకి ఆ వెసులుబాటు లేదు. వాళ్లకి డబ్బు పెట్టాల్సింది లెన్స్ మీద. ఇందాకటి వీధిలోనే కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ 55 ఎంఎం దగ్గర ఎఫ్/5.6కి ఐఎస్ఓ 25,600 అడుగుతుంది. 50 ఎంఎం ఎఫ్/1.8కి సుమారు 2,600 చాలు, దాదాపు పది రెట్లు వెలుతురు.

ఆ సలహాలో అసలు లేని మాట ఒకటి. జాతరలో భక్తులు వేసే బైరాగి వేషం ఒళ్లంతా తెలుపు. దాన్ని చూసి కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ మోసపోయి ఫొటోని చీకటి చేస్తుంది. తర్వాత పెంచుతాం, గ్రెయిన్స్ తేలతాయి. +1 ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ చెప్పినదాని కంటే ఒక స్టాప్ ఎక్కువ) ఇచ్చి తీయండి. బొగ్గు పూసుకునే ‘తోటి’ వేషం దగ్గర మీటర్ తనంతట తనే ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. లైట్లు కాలిపోకపోతే అలాగే వదిలేసి తర్వాత తగ్గించుకోండి, నల్లటి ఒళ్లు శుభ్రంగా వస్తుంది. స్టేజీ మీద ఎర్ర ఎల్‌ఈడీలు వేస్తే ఇంకో చిక్కు. సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లకి ఎరుపుది ఒక్కటే, ఆకుపచ్చవి రెండు, నీలం ఒకటి. ఎర్ర వెలుతురులో మూడొంతుల పిక్సెళ్లు దాదాపు పస్తుంటాయి. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల లెక్క చూపే గ్రాఫ్) బాగానే ఉందంటుంది, ఎరుపు ఛానల్ మాత్రం కాలిపోయి ఉంటుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ చూడండి. ఎంతకీ కుదరకపోతే బ్లాక్ అండ్ వైట్‌కి మార్చేయడమే మేలు.

“మెగాపిక్సెల్స్ తగ్గించండి.” 100 శాతం జూమ్ చేసి చూసేవాళ్ల భయం ఇది. 48 మెగాపిక్సెల్ ఫొటోని 12కి కుదిస్తే నాలుగేసి పిక్సెళ్లు కలిసి నాయిస్ సగమవుతుంది. ఆ పని తర్వాతైనా చేసుకోవచ్చు, తీసేటప్పుడే వదులుకోవడం దేనికి?

“వేడికి గ్రెయిన్స్.” వేడి వల్ల పుట్టే నాయిస్ నిజమే, దానికి మూలమైన డార్క్ కరెంట్ (వెలుతురు లేకున్నా సెన్సర్‌లో పుట్టే కరెంటు) సుమారు 6-8 డిగ్రీలకోసారి రెట్టింపవుతుంది. కానీ 1/125 సెకనులో అది పోగయ్యేంత సమయం ఉండదు. హార్స్‌లీ హిల్స్‌లో నక్షత్రాలకి 30 సెకన్ల షాట్లు వరసగా తీస్తేనో, గంటల తరబడి వీడియో తీస్తేనో పట్టించుకోవాలి. ఏసీ గదిలోంచి చల్లటి కెమెరాని మే నెల ఉక్కలోకి తెస్తే లెన్స్ మీద తేమ పడుతుంది, అదే అసలు నష్టం.

“రిడక్షన్లు అన్నీ ఆన్.” లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ 30 సెకన్ల షాట్ తర్వాత షట్టర్ మూసి ఇంకో 30 సెకన్ల షాట్ తీసి, మొదటిదాంట్లోంచి తీసివేస్తుంది. వేడి చుక్కలు పోతాయి, మామూలు గ్రెయిన్స్ పోవు. జాతరలో దాంతో పనేమీ లేదు. హై ఐఎస్ఓ రిడక్షన్ ప్రధానంగా జేపెగ్ కోసం, గట్టిగా పెడితే ముఖం మీది గంధం, కుంకుమ గీతలు మైనంలా కరిగిపోతాయి. రా తీసి, కంప్యూటర్‌లో ముందు కలర్ నాయిస్ (రంగు చుక్కలు) తీసేయండి, తర్వాత ల్యూమినెన్స్ (వెలుగు హెచ్చుతగ్గుల నాయిస్ తగ్గించే) స్లైడర్‌ని 20-40 మధ్య ఆపండి, షార్పెనింగ్ ఆఖర్న. ముందే షార్ప్ చేస్తే గ్రెయిన్స్‌నే పదును పెట్టినట్టు.