నిద్రమాత్రకు ముందు నిద్ర డైరీ

శ్రీకాకుళం జిల్లాలో ఏ సెంటర్లోనైనా మందుల షాపు మూసే వేళకు కాసేపు నిలబడితే ఈ మాట వినిపిస్తూ ఉంటుంది. ‘‘రాత్రుళ్లు నిద్దరట్టట్లేదు బాబూ, ఓ మాత్ర ఉంటే ఇయ్యి.’’ స్ట్రిప్పులోంచి రెండు మాత్రలు కత్తెరతో కోసి చిన్న కవరులో వేసి ఇస్తారు. ఇలా నిద్రకని ఇచ్చే మాత్రల్లో ఒకటైన ఆల్ప్రజోలం, షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన జాబితాలోని మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ వివరాలు విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. కత్తెర కనిపించినంత తేలిగ్గా ఆ రిజిస్టరు కనిపించదు.

అమ్మేవాళ్లను తిట్టి ఊరుకోవడం తేలిక. అడిగినామెకు మాత్ర కాక ఇంకేం చూపిస్తున్నాం అన్నదే మా ప్రశ్న.

చూపించడానికి ఒకటి ఉంది. దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్స మందు కాదు, నిద్ర గురించిన ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే సీబీటీ-ఐ అనే పద్ధతి అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. ఇందులో మాయ ఏమీ లేదు. ఎన్నింటికి పడుకున్నాం, ఎంతసేపు దొర్లాం, ఎన్నింటికి లేచాం అని రోజూ డైరీ రాయాలి. తొమ్మిది గంటలు మంచం మీద ఉండి ఐదున్నర గంటలే నిద్రపోయే మనిషిని పదకొండున్నరకు ముందు మంచం ఎక్కొద్దంటారు, ఐదున్నరకల్లా లేవమంటారు. ఇరవై నిమిషాలైనా కన్ను మూతపడకపోతే లేచి బయట కూర్చోవాలి. మొదటి వారం చాలా కష్టంగా ఉంటుంది. పట్టుదలగా సాగితే మంచం అంటేనే భయపడే ఒళ్లు మళ్లీ మంచాన్ని నిద్రతో ముడిపెట్టుకుంటుంది. అప్పుడు పడుకునే సమయాన్ని కొద్దికొద్దిగా పెంచుతారు.

ఈ పాఠాలు చెప్పడానికి ఎదురుగా డాక్టరే ఉండక్కర్లేదు, నిద్రలేమితో పాటు డిప్రెషన్ ఉన్నవాళ్లకైనా. ఆస్ట్రేలియాలో నిద్రలేమి, కొద్దిపాటి డిప్రెషన్ లక్షణాలు ఉన్న 1149 మందిపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. ఇంటర్నెట్‌లో ఆరు వారాల పాఠాలు తీసుకున్నవారికి దిగులు కూడా తగ్గింది. హాంకాంగ్‌లో డిప్రెషన్ ఉన్నవారికి స్మార్ట్‌ఫోన్‌లోనే ఇచ్చి చూస్తే అక్కడా మేలు కనిపించింది. 2022లో బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ నిద్రమాత్రలకు బదులుగా ఇలాంటి ఒక యాప్‌ను సిఫారసు చేసింది. ‘నిద్ర సుఖమెరుగదు’ అన్న పెద్దాయనకు బహుశా పడుకోగానే నిద్ర పట్టేది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో చాలామందికి పట్టుపరుపు వేసినా రాదు.

సరే, పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆమె చేతికి ఆ యాప్ ఇచ్చామనుకుందాం. ముందు ఫోన్ ఆమెది కాదు, కొడుకుది. తెర తెరిస్తే అంతా ఇంగ్లిష్. తెలుగు ఉన్నా ‘మీ మానసిక స్థితిని సూచించండి’ లాంటి తెలుగు. ఆమె తనకు డిప్రెషన్ అని ఏనాడూ అనదు. ‘గుండె దడ, ఒళ్లంతా లాగుడు, ఏ పనీ చెయ్యబుద్ధి కాదు’ అంటుంది. ‘పడకగదిని నిద్రకే కేటాయించండి’ అంటే వంటా పడకా ఒకే గదిలో సాగే ఇంట్లో ఏ మూల కేటాయించాలి? తెల్లవారకముందే వేటకు వెళ్లే మత్స్యకారుడికి రోజూ ఒకే వేళకు లేవమన్న సలహా ఎలా అతుకుతుంది? ఉద్దానంలో డయాలసిస్ మీద ఉన్న మనిషికి దురదా, కాళ్ల పీకుడూ కలిసి నిద్ర పట్టనివ్వవు. ఆ రోగిని డైరీతో సరిపెట్టడం అన్యాయం, ముందు డాక్టరు చూడాలి.

అందుకే మేము అడిగేది ఉత్త యాప్ కాదు. తెలుగును రాసి చూపించడం కాక పలికి వినిపించే యాప్ కావాలి, చదవలేనివాళ్లు వినేలా. దాని వెనక ఒక మనిషి కావాలి. ఇలాంటి యాప్‌లు మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాళ్లు చాలామంది. గ్రామ ఆరోగ్య కేంద్రంలోని ఏఎన్‌ఎం వారానికోసారి ‘డైరీ రాశావా అమ్మా’ అని పది నిమిషాలు ఫోన్ చేస్తే ఆ వదిలేయడం తగ్గుతుంది. ఇప్పటికే సర్వేల మీద సర్వేలతో నలిగిపోతున్న ఆమె నెత్తిన ఇదీ పెట్టేటప్పుడు ఇంకేదైనా తీసేయాలి సుమా. రాసుకున్న దిగులు ఊళ్లో ఎవరి కంటా పడకుండా చూడటం కూడా ప్రభుత్వం పనే.

కొందరికి ఈ పద్ధతి ప్రమాదం. మూర్ఛ ఉన్నవాళ్లు, ఒకప్పుడు మితిమీరిన ఉత్సాహంతో ఊగిపోయే మేనియా జబ్బు వచ్చినవాళ్లు, రాత్రిపూట లారీ నడిపేవాళ్లు డాక్టరును అడగకుండా నిద్ర తగ్గించుకోకూడదు. చచ్చిపోవాలనిపిస్తోందన్న మనిషిని యాప్‌కు వదిలేయడం నేరం. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం సాధారణ మానసిక సమస్యలున్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్సే అందలేదు. పెద్ద డాక్టరు కోసం విశాఖ బస్సెక్కాల్సిన మన జిల్లాలో అది ఎందుకో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ 61 రోజులు మగవాళ్లు ఊళ్లోనే ఉంటారు, లేచే వేళ వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆరు వారాల పాఠాలకు అంతకంటే అనువైన కాలం లేదు. వచ్చే నిషేధ కాలానికి తీరంలో నాలుగు ఊళ్లలోనైనా మొదలుపెట్టి చూడండి. అప్పటిదాకా ప్రతి మందుల షాపు కౌంటరు మీద, ఆ కత్తెర పక్కనే, 14416 అని పెద్ద అంకెల్లో రాయించండి.