అటకెక్కిన చార్జర్లు

ఐరోపాలో 2024 డిసెంబరు 28 నుంచి కొత్తగా అమ్మే ప్రతి ఫోనుకూ టైప్-సి కన్నమే ఉండాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. ఇలాంటి వార్త రాగానే ఇల్లు సర్దడం మొదలుపెట్టే బాబాయిగారు ఊరికొకరు ఉంటారు. మన బాబాయిగారైతే పేపరు మడిచిన మరుక్షణమే టీవీ కింద సొరుగు లాగి నేలమీద బోర్లించారు.

"2023లో ఐఫోన్ 15 అంతటిదే సొంత పిన్ను వదులుకుని సి పిన్నుకు దిగొచ్చింది. మనింట్లో ఈ పాముల పుట్ట ఇంకా ఎందుకే?"

పుట్టలోంచి పడ్డవి ఇవీ: సన్న పిన్ను చార్జర్లు రెండు. మొబైల్ షాపుల వాళ్ళు వి8 అని పిలిచే పాత పిన్ను వైర్లు నాలుగు. పలక కన్నం చార్జర్లు, అంటే యూఎస్‌బీ-ఏ రకం, మూడు, వాటి వైర్లూ. సి పిన్నుకు పలక కన్నం తగిలించే ఓటీజీ ముక్క ఒకటి. ఎప్పుడు కొన్నారో, దేనికి కొన్నారో ఎవరికీ గుర్తులేని నల్ల డబ్బా ఒకటి. అన్నీ బట్టల షాపు సంచిలోకి వెళ్ళాయి, సంచి అటకెక్కింది. వాటి బదులు 65 వాట్ల గాన్ (గాలియం నైట్రైడ్) రకం చార్జరు ఒక్కటి వచ్చింది. దానికి రెండు కన్నాలు, రెండూ సి. వైర్లకు రెండు కొసలా సి పిన్నులే.

మొదటి దెబ్బ ఫోను దగ్గరే తగిలింది. ఫోను డబ్బా మీద 80 వాట్లని పెద్దక్షరాలతో ఉంది. 80కి 65 ఇస్తే కాస్త నెమ్మదిస్తుందేమోలే అనుకున్నారు. గంట గడిచినా సగం దాటలేదు. ఆ 80 వాట్లు ఆ కంపెనీ చార్జరుకూ, ఆ కంపెనీ వైరుకూ, ఫోనుకూ మధ్య మాత్రమే నడిచే ఇంటి లెక్క. కొత్త చార్జరు తనకు తెలిసిన జాబితా చదువుతుంది: 5 వోల్టులు, 9, 15, 20, ఏం కావాలి అని. ఫోను తనకు తెలిసినదొకటి ఎంచుకుంటుంది. రెండింటికీ తెలిసిన భాష అంతవరకే కాబట్టి, ఇలాంటి ఫోన్లు కొన్ని పద్దెనిమిది వాట్లకో అంతకంటే కిందికో దిగిపోతాయి. అత్తారింట్లో అరిసెలు తినే అల్లుడు పక్కింట్లో మంచినీళ్ళతో సరిపెట్టుకున్నట్టు.

పోనీలే అని రెండో కన్నంలో ల్యాప్‌టాప్ పెట్టారు. ఫోను టుంగుమంది. చార్జింగు ఆగి, మళ్ళీ మొదలైంది. పాడైందేమోనని భయపడ్డారు గానీ, పాడేం కాలేదు. రెండో కన్నంలో పిన్ను పడగానే చార్జరు పాత ఒప్పందం రద్దు చేసి, ఉన్నదాన్ని ఒకదానికి 45, ఇంకోదానికి 20 చొప్పున పంచుతుంది. ఆస్తి పంపకమప్పుడు కాసేపు పొయ్యి ఆరిపోవడం మామూలే కదా! పైగా లోపల చిప్పు లేని సి వైరు మూడు ఆంపియర్లే మోస్తుంది. అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. ల్యాప్‌టాప్ ఒక్కటే పెట్టినా ఆ వైరుతో 65 రాదు. ఐదు ఆంపియర్లు కావాలంటే చిప్పున్న వైరే కొనాలి, అది పైకి చూస్తే అచ్చం దీనిలాగే ఉంటుంది.

అసలు కథ టార్చి లైటుది. గుండ్రటి సి కన్నం, కొత్త మోడలు, పిన్నిగారు ముచ్చటపడి కొన్నది. మధ్యాహ్నం చార్జింగు పెడితే మూడు గంటలైనా ఎర్ర లైటు వెలగలేదు. వైరు మార్చారు, పిన్ను తిరగేశారు, కన్నంలో ఊదారు. ఊహూఁ.

"చార్జరూ సి, వైరూ సి, టార్చీ సి. సగోత్రమండీ! సంబంధం ఎలా కుదురుతుంది?" అన్నారు పిన్నిగారు వంటింట్లోంచి.

ఆవిడ వేళాకోళానికి అన్నది అక్షరాలా నిజమని, ఫోన్లో అడిగితే మేనల్లుడు తేల్చాడు.

"మావయ్యా, పలక కన్నం చార్జరు అమాయకురాలు. ఎదుట ఎవరున్నా అడక్కుండానే 5 వోల్టులు ధారపోస్తుంది. సి చార్జరు అలా కాదు, అవతల మనిషున్నాడని రుజువు చూపిస్తే గానీ చుక్క రాల్చదు. ఆ రుజువు టార్చి కన్నం వెనక ఉండాల్సిన రెండు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు. పైసల ఖరీదు. చవక టార్చీలు, ట్రిమ్మర్ల వాళ్ళు ఆ పైసలే మిగుల్చుకుంటారు."

"రెండెందుకురా, ఒకటి పెట్టి చావొచ్చుగా?"

"2019లో రాస్ప్‌బెరీ పై 4 అనే బుల్లి కంప్యూటరు చేసినవాళ్ళూ అలాగే రెండు చోట్లకీ కలిపి ఒక్కటి పెట్టారు. చిప్పున్న మంచి వైరు పెడితే, చార్జరు దాన్ని ఇయర్‌ఫోన్ తగిలించే ముక్క అనుకుని కరెంటే ఇవ్వలేదు."

పెద్దవాళ్ళే పప్పులో కాలేశారని తెలిశాక బాబాయిగారికి కొంత ఊరట కలిగింది. మందేమిటని అడిగారు.

"పాత పలక కన్నం చార్జరు, దాని సి వైరు తీయండి. లేదా ఓటీజీ ముక్క కొత్త చార్జరుకు గుచ్చి, దాని వెనక ఆ వైరు పెట్టండి. ముక్కలో ఆ రెసిస్టరు ఉంటుంది, అది చూపించి కరెంటు ఇప్పిస్తుంది. ఇంట్లో ఉండే ఉంటాయి కదా?"

బాబాయిగారు అటక వైపు చూశారు. రేపు తీద్దాంలే అన్నారు.

రాత్రి తొమ్మిదింటికి గాలి లేచి కరెంటు పోయింది. టార్చి చీకట్లో చీకటిగానే ఉంది. ఫోన్లో ఆరు శాతం. ఆ ఆరు శాతాన్నే వెలిగించి నోట కరుచుకుని, బాబాయిగారు స్టూలెక్కి అటకలోకి చెయ్యి పెట్టారు. ముందు ఆవకాయ జాడీ మూత తగిలింది, తరవాత సంచి. చిక్కుపడ్డ వైర్ల ఉండలోంచి గట్టిగా లాగితే చేతికొచ్చింది సన్న పిన్ను చార్జరు. రెండోసారి నల్ల డబ్బా. మూడోసారి పలక కన్నం చార్జరు, వైరుతో సహా.

"దొరికిందే!" అని నోరు తెరిచారు. ఫోను కింద పడి ఆరిపోయింది.

చీకట్లో స్టూలు పట్టుకుని నిలబడ్డ పిన్నిగారు నెమ్మదిగా అడిగారు:

"సరే గానీ, కరెంటు లేనిదే ఆ చార్జరు ఎక్కడ పెడతారండీ?"