ఇరవై వేలల్లో బేస్ గిటార్: కొత్తదా, సెకండ్ హ్యాండా?

వాదం ఇదీ. అనంతపురంలో ఒక పిల్లోడు చర్చి కొయిర్‌లో (పాటల బృందంలో) బేస్, అంటే కింది స్వరాల గిటార్, వాయించాలని పట్టుబట్టాడు. ఇంట్లోవాళ్లు ఇరవై వేలు తీసి పెట్టారు. ఆ డబ్బుతో కొత్త గిటార్ కొనాలా, సెకండ్ హ్యాండ్‌ది చూసుకోవాలా? దీని మీద ఇద్దరు అన్నదమ్ములు వాదించుకుంటున్నారు. తమ్ముడు ఆ కొయిర్‌కు పాటలు నేర్పుతాడు, కొత్తదే కొనమంటాడు. అన్న పెళ్లి ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయిస్తాడు, ఊర్లో వాళ్ల గిటార్లు సెటప్ చేసి (చేతికి ఒదిగేట్టు సర్ది) ఇస్తాడు, సెకండ్ హ్యాండే మేలంటాడు.

తమ్ముడు: నేర్చుకునే పిల్లోనికి వారంటీ ఉండాలన్నా. కొత్తది కొంటే బిల్లు వస్తాది, బాగలేకుంటే వాపసు ఇయ్యొచ్చు. పాతది ఇంటికి తెచ్చినాక నెక్ (స్ట్రింగుల కిందుండే పొడవాటి చెక్క) వంగిందని తెలిస్తే యాడికి పోవాల?

అన్న: వారంటీ దేనికిస్తారో ఆ కాయితం చదువు. పికప్ (స్ట్రింగు కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క) పలకకున్నా, నెక్ చీలినా చూస్తారు. స్ట్రింగులు ఎత్తుగా ఉండాయి, ఐదో ఫ్రెట్టు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) కాడ జరజరమంటాది అంటే అది సెటప్ పని, వారంటీలోకి రాదు. తక్కువ ధర బేస్ డబ్బాలోంచి తీసినరోజే చేతికి ఒదిగేటట్ల ఉండేది అరుదు. ఈ ధరల్లో వచ్చేవి ఎక్కువగా ఇండోనేషియాలో, చైనాలో చేసినవి. అక్కడి తేమలో తయారైన చెక్క మన అనంతపురం పొడిగాలికి కుదించుకపోతాది. ఫ్రెట్టు లోహం కుదించుకోదు. దాంతో ఫ్రెట్ల కొనలు నెక్ అంచు దాటి బయటికొస్తాయి, చెయ్యి జరిపితే రంపం పండ్ల మీద పెట్టినట్ల ఉంటాది. చెక్కకు మాస్కింగ్ టేపు అంటించి, సన్న ఆకురాయితో ఒక్కో కొన రుద్దాల. కొత్తదానికి కూడా ఆ పని తప్పదు.

తమ్ముడు: పాతదానికి తప్పుతాదా?

అన్న: తప్పదు. కానీ పాతది మన దిక్కు ఎండలు అప్పుడే రెండు మూడు చూసుంటాది. చెక్క ఎంత కుదించుకోవాల్నో అంతా అయిపోయుంటాది. డబ్బులియ్యకముందే కంటికి కనపడతాది, వేలికి తగులుతాది. కొత్తదానికి ఆ సంగతి ఏప్రిల్‌లో తెలుస్తాది, అప్పటికి వాపసు గడువు దాటిపోయుంటాది.

తమ్ముడు: నీ కంటికి కనపడతాదన్నా. పిల్లోని కంటికి కనపడదు. నువ్వు అనంతపురంలో ఉండావు సరే. కదిరి పిల్లోనికి, తాడిపత్రి పిల్లోనికి నీలాంటోడు యాడ దొరుకుతాడు? ఫ్రెట్లు అరిగింటే మార్చేటోడు ఈ చుట్టుపక్కల లేడు, బెంగళూరుకు పోవాల. ఆ ఖర్చుతో కలిపితే నీ పాత బేస్ కొత్తదానికంటే ఎక్కువ పడతాది.

అన్న: ఆ మాట ఒప్పుకుంటా. ఫ్రెట్లు మార్చాల్సిన బేస్ ఇరవై వేల మనిషి కొనగూడదు, అంతే. అట్లాంటిది గుర్తుపట్టడం మాత్రం బ్రహ్మవిద్య కాదు. ఎట్ల చూడాల్నో చెప్తా, పిల్లోని రాసుకోమను.

ముందు గిటార్ ఎత్తిపట్టి, ట్యూనింగ్ కీలుండే తల వైపు నుంచి నెక్ అంచు వెంబడి ఒంటికన్నుతో చూడాల. రెండు అంచులూ ఒకే తీరున పోవాల. ఒకటి ఒక పక్కకు, ఇంకోటి ఇంకో పక్కకు పోతే నెక్ మెలిపడింది. దాన్ని ట్రస్ రాడ్ (నెక్ లోపలుండే, వంపు సర్దే ఇనుప కడ్డీ) సరిచెయ్యదు, బేరమాడకుండా వచ్చేయాల. ఉత్త వంపు అయితే భయం లేదు. లావు స్ట్రింగును మొదటి ఫ్రెట్టు మీద ఒక చేత్తో, నెక్ బాడీలో కలిసే కాడ ఫ్రెట్టు మీద ఇంకో చేత్తో అదిమిపెట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్టు కాడ స్ట్రింగు కింద సందు చూడాల. విజిటింగ్ కార్డు దూరితే చాలు, 0.3 మిల్లీమీటర్లు అనుకో. అంతకంటే బాగా ఎక్కువుంటే ట్రస్ రాడ్ బిగించాల, సందే లేకుంటే వదులు చెయ్యాల. ఒకేసారి పావు చుట్టే, అంతకు మించి తిప్పగూడదు. అమ్మేటోన్నే అలెన్ కీ పెట్టి పావు చుట్టు తిప్పి చూపమనాల. రాడ్ కొనన ఉండే నట్టు కదలకున్నా, దాని లోపలి ఆరు మూలలు అరిగి కీ జారినా ఆ బేస్ ఉచితంగా ఇచ్చినా బరువే.

ఇంక ఫ్రెట్లు. నాలుగు స్ట్రింగుల మీదా ఒక్క ఫ్రెట్టూ వదలకుండా మీటి వినాల. మొదటి ఐదు ఫ్రెట్లలోనే జరజర అంటే నెక్ మరీ నిటారుగా ఉండాది, రాడ్ వదులు చేస్తే పోతాది. ఏ ఫ్రెట్టూ అదమకుండా మీటినప్పుడే వస్తే నట్ (తల కాడ స్ట్రింగులు ఆనే గాళ్ల పట్టీ) గాడి లోతైంది, ఆ పట్టీ మార్చాల. పన్నెండు దాటినాక వస్తే బ్రిడ్జి శాడిల్ (బాడీ మీద స్ట్రింగు ఆనే ముక్క) పైకి లేపి చూడాల. ఒక్కచోటే వస్తే దాని పక్క ఫ్రెట్టు లేచిందన్నా, అదిమిన ఫ్రెట్టు అరిగిందన్నా లెక్క. ఇది ఒక్కటే డబ్బు తినే రోగం. అన్నిటికంటే సన్నదైన జీ (G) స్ట్రింగు మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్టు మధ్య ఒక స్వరం తొందరగా చచ్చిపోవచ్చు. ఫెండర్ కంపెనీ తీరు బేసుల్లో అది మామూలే, ధర తగ్గించమనడానికి పనికొస్తాది, మానేయడానికి కాదు.

తమ్ముడు: కరెంటు పని?

అన్న: నాబులు తిప్పితే కరకరమంటే దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ తిప్పితే పోతాది. పాట్ (నాబు కింద సౌండు తగ్గించి పెంచే ముక్క) మార్చాల్సొస్తే టీవీ రిపేరోనికి ఊరికే చెప్పి రాగూడదు. ఆయప్ప చేతికందిన 100కె వేస్తాడు, పైస్థాయి అంతా మూసుకపోతాది. పాసివ్ (బ్యాటరీ లేని) బేసుకు ఆడియో టేపర్ రకం 250కె కావాల. స్ట్రింగు మీద చెయ్యి పెడితే హమ్ (గుయ్‌మనే మోత) తగ్గాల, పెరిగితే జాక్ కాడ వైర్లు తారుమారైనాయి. జాజ్ బేస్ తీరుది (రెండు పికప్పులది) అయితే రెండు వాల్యూములూ సమానంగా ఉన్నప్పుడు హమ్ పోయి, ఒకటి తగ్గిస్తే వస్తాది. సింగిల్ కాయిల్ పికప్పులకు అది సహజం. యాక్టివ్ బేస్ అయితే కేబుల్ గుచ్చినంతసేపూ లోపలి 9 వోల్టుల బ్యాటరీ కరుగుతానే ఉంటాది. వాయించడం అయినాక కేబుల్ పీకే అలవాటు లేనోనికి పాసివే మేలు.

తమ్ముడు: ఇంత పరీక్ష చెయ్యాలంటే గిటార్ ఎదురుగా ఉండాల. మంచి పాత బేసులు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటాయి. బస్సెక్కి రెండొందల కిలోమీటర్లకు పైగా పోయినాక నెక్ మెలిపడిందంటే ఉత్తచేతుల్తో తిరిగి రావాల. ఫోన్లో అడ్వాన్స్ వేయించుకొని మాయమయ్యేటోళ్లుండారు. దొంగసొమ్ము అమ్మేటోళ్లుండారు. కొత్తదానికి ఈ బాధలు ఒక్కటీ లేవు.

అన్న: అడ్వాన్స్ అనేది పైసా కూడా ఇయ్యగూడదు. పాత బిల్లు, తల మీదనో నెక్ అతుకు కాడనో ఉండే సీరియల్ నంబరు ఫోటో అడగాల. వీడియో కాల్‌లో పైన చెప్పిన పరీక్షలన్నీ చేయించుకోవాల, రాడ్ తిప్పడంతో సహా. వద్దన్నోని కాడికి బస్సెక్కగూడదు. అయినా దారి ఖర్చు దారి ఖర్చే, అది నేను లేదనను.

తమ్ముడు: ఇంకో మాట. నువ్వు నాలుగు స్ట్రింగులని గీత గీసి మాట్లాడ్తాండావు. మా కొయిర్‌లో సగం పాటలు డీ (D), సీ (C) శ్రుతుల్లో. పాడే అమ్మ గొంతును బట్టి కీబోర్డు వాయించేటోడు బటన్ నొక్కి శ్రుతి మార్చుకుంటాడు. బేస్ పిల్లోడు ఏం నొక్కాల? నాలుగు స్ట్రింగుల్లో ఈ (E) స్వరం కంటే కిందికి దిగలేడు. వానికి ఐదు స్ట్రింగులది కావాల.

అన్న: ఇరవై వేలల్లో ఐదు స్ట్రింగులా? ఆ ఐదో స్ట్రింగు, లో బీ (B), అంటే 31 హెర్ట్జ్. చౌక బేసుల్లో 34 అంగుళాల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా స్ట్రింగు పొడవు) మీద ఆ స్ట్రింగు వదులుగా ఊగులాడతాది, స్వరం నిలబడదు. చిన్న స్పీకర్లో ఆ కింది స్వరం రాదు, పై హార్మోనిక్స్ మాత్రం వినపడతాయి. మొదలుపెట్టేటోనికి నెక్ వెడల్పు, పైగా మోగకుండా ఆపాల్సిన స్ట్రింగు ఇంకోటి. నాలుగు స్ట్రింగులదాంట్లో లావుదైన ఈ (E) స్ట్రింగును డీకి దించుకోమను, 41 నుంచి 36.7 హెర్ట్జ్‌కు వస్తాది, పాట అయిపోతాది.

తమ్ముడు: దించినాక ఆ ఒక్క స్ట్రింగు మీద వేలి స్థానాలన్నీ రెండు ఫ్రెట్లు పైకి జరుగుతాయి కదా. ఆరాధన మధ్యలో పిల్లోడు తప్పు నొక్కితే కొయిర్ మొత్తం తప్పుతాది. పక్కన నిలబడి చూసేది నేను, నువ్వు కాదు.

అన్న: అది నిజమే. అయినా ఏ (A) స్ట్రింగు ఐదో ఫ్రెట్టు మీద డీ ఉండాది, మొదటి ఏడాది దాంతో నడిపించు. కిందికి దిగాల్సిన పాటలు వచ్చినాక ఐదు స్ట్రింగులది తీసుకోనీ. అప్పటికి చేతిలోది అమ్మి పైన కొంచెం వేసుకుంటే సరిపోతాది. అందుకే పాతది కొనమనేది. ఇరవై వేల కొత్త బేస్ అంగడి గడప దాటంగానే సెకండ్ హ్యాండ్ ధరకు పడిపోతాది. పన్నెండు వేలకు కొన్న పాతది బాగా పెట్టుకుంటే ఏడాది తర్వాత కూడా పన్నెండుకు దగ్గరగానే పోతాది.

తమ్ముడు: ఎవరు కొంటారన్నా? అనంతపురంలో బేస్ కొనేటోళ్లు ఎంతమంది?

అన్న: తక్కువే. బెంగళూరోనికి అమ్మాల. దానికి తల మీద పేరుండాల. యామహా, ఇబానెజ్, స్క్వయర్, కోర్ట్ అంటే ఫోన్లు వస్తాయి, ఊరూ పేరూ లేనిది ఆరు నెలలైనా గోడకే ఉంటాది. అమ్మేటప్పుడు ఫ్రెట్ల దగ్గర ఫోటో, నెక్ అతుకు ఫోటో, గీతలు పడిన చోటు ఫోటో పెట్టాల, దాచగూడదు. ఆర్టీసీ కార్గోలో వేసేటట్లైతే స్ట్రింగులు కొంచెం వదులు చేసి, తల కింద మెత్త పెట్టి, లోపల గిటార్ కదలకుండా డబ్బా కట్టాల. విరిగితే విరిగేది తల కాడనే. నాలుగు స్క్రూల నెక్ అయితే ఊడదీసి, బాడీ పక్కన పడుకోబెట్టి కట్టడం ఇంకా మంచిది.

తమ్ముడు: సరే, ఆంప్ సంగతి? చర్చిలో గిటారోళ్ల ఆంప్ ఉండాది. దాంట్లో పెడితే కుదరదా?

అన్న: కుదరదు. సౌండు పెంచితే ఆ స్పీకర్ కోన్ ఓపలేదు, కాయిల్ రాసుకొని పోతాది. తక్కువ సౌండుతో సాధన చేసుకోవడానికైతే సరే. చర్చిలో మిక్సర్ ఉండాది కదా, మధ్యలో డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపోయేటట్ల మార్చే చిన్న పెట్టె) పెట్టి మైకు ఛానెల్‌లోకి పంపు. పాసివ్ బేసును నేరుగా లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే సౌండు సన్నబడి మసకగా వస్తాది, పిల్లోని వాయింపు బాగలేదనుకుంటారు. ఇంట్లో సాధనకు హెడ్‌ఫోన్ ఆంప్ చాలు. పాతదానికి పన్నెండు పెడితే, 45 నుంచి 100 సైజు కొత్త స్ట్రింగుల సెట్టు, డీఐ బాక్స్, కేబుల్, స్ట్రాప్, హెడ్‌ఫోన్ ఆంప్ అన్నీ మిగతా ఎనిమిదిలో సర్దుకోవచ్చు. ఒకటి గుర్తుపెట్టుకో, స్ట్రింగు కొన కత్తిరించే ముందు అక్కడ తొంభై డిగ్రీలు మడత పెట్టాల. మడవకుండా కత్తిరిస్తే పైన చుట్టిన తీగ సడలుతాది, కొత్త స్ట్రింగు మొదటిరోజే మొద్దుబారుతాది.

తమ్ముడు: అన్నీ విన్నా. ఒక్క మాట ఇయ్యి. పరీక్ష చేసేటోడు తోడు లేని పిల్లోనికి కొత్తదే కొనమని చెప్తావా?

అన్న: చెప్తా. కానీ బేసుకు పద్నాలుగు దాటనియ్యొద్దు. మిగిలింది స్ట్రింగులకు, డీఐకి, హెడ్‌ఫోన్ ఆంప్‌కు పెట్టాల.

తమ్ముడు: పద్నాలుగులో పేరున్న కొత్త బేస్ దొరకడం కష్టమన్నా.

అన్న: కష్టమే. అందుకే వానికి తోడు పోయేటోన్ని వెతుకు. శనివారమైతే నేనే వస్తా, అలెన్ కీలు నా కాడ ఉండాయి.