తేడా నెల రోజులేనా?

లివర్ క్యాన్సర్‌కో పిత్తనాళం (లివర్ నుంచి పేగులోకి పైత్యరసం తెచ్చే గొట్టం) క్యాన్సర్‌కో ఇమ్యునోథెరపీ, అంటే మన ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు, అనగానే మనవాళ్ళలో రెండు రకాలు కనిపిస్తారు, ఇంక కీమో అక్కర్లేదంట అని వాట్సాప్‌లో పంపేవాళ్ళు ఒకళ్ళు, నెల రోజులు ఎక్కువ బతకడం కోసం పొలం అమ్ముకోవాలా అని కొట్టిపడేసేవాళ్ళు ఇంకొకళ్ళు. నాకైతే ఇద్దరూ ట్రయల్ రిజల్ట్స్ సగమే చదివారనిపిస్తుంది.

టోపాజ్-1 ట్రయల్ తీసుకోండి. పిత్తనాళాలు, గాల్‌బ్లాడర్ క్యాన్సర్ ముదిరిపోయిన 685 మంది. అందరికీ అదే పాత కీమో, జెమ్‌సిటబిన్-సిస్‌ప్లాటిన్, దాంతోపాటు సగం మందికి డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు, మిగతావాళ్ళకి మందేమీ లేని ఉత్త ప్లాసిబో. అంటే కీమో ఎక్కడికీ పోలేదు. మీడియన్ సర్వైవల్ 12.8 నెలలు, ప్లాసిబో వాళ్ళకి 11.5. ఇంతేనా అనిపిస్తుంది కదా, కానీ మీడియన్ అంటే సగం మంది పోయేదాకా పట్టిన టైమ్ మాత్రమే, మిగతా సగం మంది తర్వాత ఏమయ్యారో అది చెప్పదు. రెండేళ్ళ దగ్గర చూస్తే డుర్వాలుమాబ్ వైపు నూటికి దాదాపు పాతికమంది ఉన్నారు, అవతల పదిమంది. లివర్ క్యాన్సర్‌లో హిమాలయా ట్రయల్ కూడా అంతే, ట్రెమెలిముమాబ్ అనే ఇంకో ఇమ్యునోథెరపీ మందు ఒకే ఒక్క డోస్, దాంతోపాటు నెలనెలా డుర్వాలుమాబ్, మీడియన్ 16.4 నెలలు, పాత సొరాఫెనిబ్ బిళ్ళలకి 13.8, కానీ అయిదేళ్ళకి 19.6 శాతం మంది బతికున్నారు, అటు 9.4 శాతమే.

చిక్కేంటంటే ఆ పాతికమందిలో మనవాడు ఉంటాడో లేదో ముందే చెప్పే టెస్ట్ ఇంకా లేదు. పైగా తొందరపడి చప్పట్లు కొట్టి నాలిక కరుచుకున్న సందర్భాలూ ఉన్నాయి. నివోలుమాబ్ అనే ఇలాంటి మందుకే 2017లో లివర్ క్యాన్సర్‌లో అమెరికా ఫాస్ట్‌గా పర్మిషన్ ఇచ్చింది, తర్వాత ఒంటరిగా సొరాఫెనిబ్‌తో పోటీపెడితే గెలిచిందని తేలలేదు, 2021లో ఆ పర్మిషన్ వెనక్కి పోయింది. ఆపరేషన్ తర్వాత లివర్ క్యాన్సర్ తిరిగి రాకుండా అటెజోలిజుమాబ్-బెవాసిజుమాబ్ అనే మందుల జంట ఇచ్చిన ట్రయల్ 2023లో బాగుందన్నారు, ఇంకొన్నాళ్ళు ఆగి చూస్తే ఆ తేడా కరిగిపోయింది.

అసలు నన్ను తొలిచేది వేరే విషయం. లివర్ ట్రయల్స్‌లో తీసుకున్నది దాదాపు చైల్డ్-పగ్ (లివర్ ఎంత దెబ్బతిందో కొలిచే లెక్క) ఎ వాళ్ళనే, అంటే క్యాన్సర్ ఉన్నా లివర్ పనిచేస్తున్నవాళ్ళని. మన వార్డుల్లోకొచ్చేది పొట్టలో నీరు చేరాక. పిత్తనాళం క్యాన్సరైతే చాలామందికి ముందు కళ్ళు పచ్చబడతాయి, పచ్చబడితే మనం ఎక్కడికి వెళ్తాం, పసరు మందుకి! పత్యం చేస్తూ వారాలు గడిపేసి, చివరికి మూసుకున్న నాళంలో స్టెంట్ అనే చిన్న గొట్టం వేసి కామెర్లు తగ్గించేసరికి కీమో తట్టుకునే ఓపిక కూడా ఉండదు. వీళ్ళకి ఆ 25 శాతం లెక్క అలాగే వర్తిస్తుందని ఏ ట్రయలూ చెప్పలేదు.

ధర సంగతికొస్తే 2024 జులై బడ్జెట్‌లో డుర్వాలుమాబ్‌కి కస్టమ్స్ డ్యూటీ ఎత్తేశారు, మంచిదే, అయినా మామూలు కుటుంబానికి అందేది కాదు. ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు తల-మెడ క్యాన్సర్లలో నివోలుమాబ్ 20 మిల్లీగ్రాములే, అంటే మామూలు డోస్‌లో పదో వంతు కూడా కాదు, మూడు వారాలకోసారి వేరే మందులతో కలిపి ఇచ్చి చూశారు, ఆ వేరే మందులు మాత్రమే ఇచ్చినవాళ్ళలో ఏడాది బతికింది 16 శాతం, ఇది కలిపితే 43 శాతం. లివర్‌కీ పిత్తనాళానికీ కూడా అలాంటి ట్రయల్ మనమే పెట్టుకోవాలి, డోస్ తగ్గించి అమ్ముకోడానికి ఏ కంపెనీ డబ్బులు పెడుతుంది?