చూపుకు బదులుగా దొరికేది కాదు సంగీతం

‘అమావాస్య చంద్రుడు’ సినిమాలో చూపు లేని వయొలిన్ కళాకారుడు రఘుగా వేసిన కమల్‌హాసన్ ఫొటో కింద ఒక మాట వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది: “దేవుడు కళ్లు తీసుకుంటే సంగీతం ఇస్తాడు. చూపు లేనివాళ్ల చెవులు మనకంటే పదును. అందుకే రఘు అంత గొప్పగా వాయించాడు.” సింగీతం శ్రీనివాసరావు 1981లో తమిళంలో ‘రాజపార్వై’గా తీసిన ఆ సినిమా అంటే నాకు ప్రాణం. అందుకే ఈ మాటలు ఒప్పుకోలేను.

ముందు చెవుల సంగతి. చూపు పోయినంత మాత్రాన చెవి మారదు. పసితనంలోనే చూపు పోయినవారు స్వరాల్లోని సన్నని తేడాలను బాగా పట్టగలరని 2004లో ఒక పరిశోధన తేల్చింది, నిజమే. పెద్దయ్యాక చూపు పోయినవారిలో మాత్రం అది కనిపించలేదు. ఎదిగే మెదడు తనకు అందినదాన్ని వాడుకుంటుంది, అంతే. పైగా తేడా పట్టడం వేరు, వాయించడం వేరు.

వయొలిన్‌కు వీణకున్నట్టు మెట్లుండవు. వేలు ఎక్కడ ఆనించాలో చెవీ, చేతివాటమూ చెప్పాల్సిందే. చూపున్నవాళ్లూ వేళ్లకేసి చూస్తూ వాయించరు. అసలు కష్టం స్టూడియోలో ఎదురుగా పెట్టే నొటేషన్ (స్వరాలు రాసిన) కాగితంతో. పక్కవాళ్లు చూసి వాయించేదాన్ని చూపు లేని కళాకారుడు విని కంఠతా పట్టాలి. లూయీ బ్రెయిల్ స్వయంగా ఆర్గాన్ వాయించేవాడు. 1829లో ప్రచురించిన తన చుక్కల లిపిలో అక్షరాలతో పాటు సంగీతాన్నీ చేర్చాడు. ఆ అవసరం ఆయనకు బాగా తెలుసు. మన వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు మందం, దానివల్లే బడి మానాల్సి వచ్చింది. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో అధ్యాపకులయ్యారు. ఆ కమాను వెనక ఉన్న ఏళ్ల సాధనను కళ్ల ఖాతాలో రాయడం అన్యాయం.

మా చిన్నత్తకు మూడేళ్లప్పుడే చూపు పోయింది. నోటిలెక్కల్లో దిట్ట, గొంతు విప్పితే మాత్రం శ్రుతి నిలిచేది కాదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ “ఒక పాట పాడమ్మా” అనేవారు. లెక్క అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ కూడా, పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది.

ఇక ‘దేవుడు తీసుకుంటే’ అన్న మాట, అన్నిటికంటే నాకు భయం కలిగించేది. ఆ సినిమాలో కథానాయిక నాన్సీకి తాతగా వేసిన ఎల్.వి. ప్రసాద్ గారు హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రి కోసం స్థలం, డబ్బు ఇచ్చారు. 1987లో మొదలైన ఆ సంస్థకు ఆయన పేరే పెట్టారు. పుట్టుకతో రెండు కళ్లలో దట్టమైన శుక్లాలున్న బిడ్డకు తొలి నెలల్లోనే ఆపరేషన్ జరగాలి. దేవుడు తీసుకున్నాడని ఊరుకుని ఆలస్యం చేస్తే, తర్వాత చేయించినా చూపు సరిగా రాదు. పసిబిడ్డ కంటిపాప తెల్లగా కనిపిస్తే ఆ వారంలోనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.