మానసిక వ్యాధుల్లో చేటు చేస్తున్నది సగం వైద్యమే

తలనొప్పి, గుండెదడ, కడుపులో మంట, ఒళ్లంతా నీరసం, నిద్ర పట్టకపోవడం. ఈ బాధలతో జనరల్ డాక్టరు దగ్గరికి వచ్చేవారిలో కొందరికి ఉన్న అసలు జబ్బు డిప్రెషన్, లేదా యాంగ్జయిటీ (ఆందోళన). మనసు బాగాలేదని వాళ్లంతట వాళ్లు చెప్పరు, డాక్టరూ అడగరు. రక్తపరీక్షలు, ఈసీజీ, స్కానింగ్ అన్నీ నార్మల్ అని వచ్చాక ‘మీకేమీ లేదు, టెన్షన్ పెట్టుకోకండి’ అనే సలహా, దాంతోపాటు ఓ నిద్రమాత్ర చేతికొస్తాయి. నాలుగు రోజులు నిద్ర పడుతుంది. జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

2019 లెక్కల ప్రకారం ప్రపంచంలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంతమందినీ సైకియాట్రిస్టులే చూడటం అయ్యే పని కాదు. అందుకే ఆ సంస్థ 2008లో ఎంహెచ్‌గ్యాప్ కార్యక్రమం మొదలుపెట్టి, సాధారణ డాక్టర్లు, నర్సులు కూడా ఈ జబ్బుల్ని గుర్తించి తొలి చికిత్స ఇవ్వగలిగేలా మార్గదర్శకాలు తయారుచేయించింది. వైద్యం అందనివాళ్ల గురించి చర్చ జరుగుతూనే ఉంది, జరగాలి కూడా. వైద్యం మొదలై మధ్యలో చెడిపోయినవాళ్ల గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడరు. మోతాదు చాలదు, వాడిన కాలం చాలదు, అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగరు. చివరికి ‘మందులు వాడాం, పనిచేయలేదు’ అన్న నమ్మకం ఆ ఇంట్లో పాతుకుపోతుంది. ఆ తర్వాత సరైన వైద్యం అందుబాటులోకి వచ్చినా వాళ్లు గడప తొక్కరు.

దుఃఖం ఎవరికైనా వస్తుంది. దాన్ని డిప్రెషన్ అనాలంటే రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ, కనీసం రెండు వారాలపాటు దిగులుగా ఉండాలి, లేదా ఇష్టంగా చేసే పనులమీద కూడా ఆసక్తి పోవాలి. ఈ రెండింటిలో ఒకటైనా తప్పనిసరి. వీటికి తోడు నిద్రలో మార్పు, ఆకలిలో మార్పు, అలసట, దేనిమీదా దృష్టి నిలవకపోవడం, కదలికలు మందగించడం లేదా కుదురు లేకపోవడం, తానెందుకూ పనికిరాననే భావన, చావు ఆలోచనలు. మొత్తం తొమ్మిది లక్షణాల్లో అయిదు ఉండి, వాటివల్ల పనీ సంసారమూ దెబ్బతింటుంటే అది జబ్బే. నిద్ర తీరును విడమరిచి అడగడం చాలా ఉపయోగం. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేసి, ఆ వేళలో దిగులు భరించరానంతగా ఉండి, సాయంత్రానికి కాస్త తెరిపిన పడుతోందంటే డిప్రెషన్ తీవ్రంగా ఉందని అనుమానించాలి. పడుకున్నాక గంటల తరబడి ఆలోచనలు తిరుగుతూ నిద్ర రాకపోవడం ఆందోళనలో ఎక్కువ.

పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నపత్రం ఈ తొమ్మిది లక్షణాలనే అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. స్కోరు 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పట్టించుకోవాలి, 20 గానీ ఆపైన గానీ ఉంటే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. వేచి ఉండే గదిలో అయిదు నిమిషాల్లో నింపేయొచ్చు. యాంగ్జయిటీకి జీఏడీ-7 ఇలాంటిదే, మొత్తం 21. ఇవి జబ్బును నిర్ధారించవు, ఎవరితో ఇంకో పది నిమిషాలు మాట్లాడాలో చెబుతాయి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొత్తం స్కోరు తక్కువే ఉన్నా అక్కడ సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా అదే రోజు మాట్లాడాలి.

మందు రాసేముందు చేయాల్సిన పనులు రెండున్నాయి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 చూడటం, స్టెరాయిడ్లు వాడుతున్నారేమో, మద్యం ఎంత తాగుతున్నారో కనుక్కోవడం మొదటిది. రోజూ తాగేవారిలో కనిపించే డిప్రెషన్ చాలామందికి మూడు నాలుగు వారాలు పూర్తిగా మానేస్తే దానంతటదే తగ్గుతుంది. అయితే ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానడం ప్రమాదం. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు మూడు రోజులకు మతిభ్రమణం రావచ్చు కాబట్టి డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. గ్లూకోజు ఎక్కించేముందే థయమిన్ (బి1 విటమిన్) ఇవ్వాలి.

ఎక్కువగా విస్మరించేది రెండోదాన్ని. ‘నాలుగైదు రోజులపాటు రెండు మూడు గంటలే నిద్రపోయినా అలసట లేకుండా, విపరీతమైన హుషారుతో, ఆగకుండా మాట్లాడుతూ, చేతికందినంత ఖర్చుపెట్టిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా?’ అని అడగాలి. ఆ రోజుల్ని రోగి తన మంచి రోజులుగా గుర్తుపెట్టుకుంటాడు, కాబట్టి ఇంట్లోవాళ్లనూ అడగాలి. అవునంటే అది హుషారు, దిగులు దశలుగా మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు కావచ్చు. దానికి ఉత్త డిప్రెషన్ మందే ఇస్తే కొందరిలో ఉన్మాదం ఎగదోసుకొస్తుంది. బైపోలార్‌కు లిథియం ఇప్పటికీ మేటి మందు. కాకపోతే దాని మేలుకీ కీడుకీ మధ్య దూరం తక్కువ. చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు తీసిన రక్తంలో అది సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1 మిల్లీమోల్ మధ్య ఉండాలి, 1.5 దాటితే విషమిస్తుంది. వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, నొప్పులకని ఐబుప్రొఫెన్ వాడినా ఆ స్థాయి పెరిగిపోతుంది. చేతులు ముతకగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే మందు ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. లిథియం రాసిచ్చే ప్రతిచోటా ఈ సంగతి రోగికి, ఇంట్లోవాళ్లకు కాగితంమీద రాసివ్వాలి.

ఇక డిప్రెషన్ చికిత్స. స్వల్పంగా ఉంటే మందు అక్కర్లేకుండానే కౌన్సెలింగ్, వ్యాయామం, రోజువారీ పనుల్ని పట్టిక వేసుకుని కొంచెం కొంచెంగా మళ్లీ మొదలుపెట్టించే పద్ధతి సరిపోవచ్చు. మనసు బాగయ్యాక పని చేద్దామని కూర్చుంటే మనసు బాగవదు, పని మొదలైతేనే మనసు కదులుతుంది. ఈ పద్ధతికి ఆధారం అదే. జబ్బు మధ్యస్థం దాటితే మందు కావాలి. సాధారణంగా సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములు, ఎస్సిటాలోప్రామ్ 10, ఫ్లూక్సెటిన్ 20లో ఒకటి. కంగారు ఎక్కువగా ఉన్నవారికి, వృద్ధులకు ఇందులో సగంతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పూర్తి మోతాదుకు వెళ్తారు.

ఆ తొలి రోజులే గండం. మందు వేసుకున్న రెండో రోజు నుంచే వికారం, తలనొప్పి, విరేచనాలు, ఒకరకమైన లోపలి ఆత్రం మొదలవుతాయి. గుణం మాత్రం రెండు వారాల దాకా కనపడదు. నష్టం ముందొచ్చి లాభం తర్వాతొచ్చే మందును ముందుగా చెప్పకుండా చేతికిస్తే ఎవరైనా అయిదో రోజుకే మానేస్తారు. ‘ఈ ఇబ్బందులు వారం పది రోజుల్లో చాలావరకు తగ్గుతాయి, తిన్నాక వేసుకోండి, నిద్ర చెడితే పొద్దునకు మార్చుకోండి, రెండు వారాలకు మళ్లీ రండి’ అనే నాలుగు ముక్కలు చెబితే ఆ చీటీ నిలబడుతుంది. లైంగికపరమైన ఇబ్బందులు మాత్రం తొందరగా పోవు. సిగ్గుతో రోగి చెప్పడు, డాక్టరే అడగాలి. పాతికేళ్లలోపు వారిలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక పెట్టించింది. అంటే ఆ వయసువారికి మందే వద్దని కాదు, వారం తిరక్కుండా మళ్లీ చూడాలని. వృద్ధుల్లో ఈ మందులవల్ల రక్తంలో సోడియం పడిపోవచ్చు. మందు మొదలెట్టిన కొద్దిరోజులకే మగతగా, అయోమయంగా ఉంటే సోడియం పరీక్ష చేయించాలి.

నాలుగు వారాలకు ఏమాత్రం తేడా లేకపోతే మోతాదు పెంచాలి. సరైన మోతాదులో ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడాక కూడా ఫలితం లేదంటే అప్పుడు మందు మార్చాలి. మొదటి మందుతోనే పూర్తిగా కోలుకునేవారు సుమారు మూడో వంతు. రెండో మందు దాకా వెళ్లడం ఈ వైద్యంలో మామూలే, ఆ సంగతి మొదటి రోజే చెప్పేయాలి. తేరుకున్నాక కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు అదే మోతాదు కొనసాగాలి, జబ్బు పదేపదే వస్తుంటే రెండేళ్లు లేదా ఇంకా ఎక్కువ. ‘బాగానే ఉన్నాను కదా’ అని రెండో నెలలో ఆపేసినవారికే ఎక్కువగా తిరగబెడుతుంది. ఆపేటప్పుడూ వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా మానితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు షాకు కొట్టినట్టుండటం వస్తాయి. ఇవి చాలావరకు రెండు మూడు రోజుల్లోపే మొదలై, మందు మళ్లీ వేసుకోగానే పోతాయి. జబ్బు తిరగబెట్టడం అలా కాదు, వారాలమీద మెల్లగా వస్తుంది.

నిద్రమాత్రల సంగతి విడిగా చెప్పాలి. ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటివి అరగంటలో హాయినిస్తాయి, చిక్కంతా అక్కడే. వీటిని రెండు నుంచి నాలుగు వారాలకు మించి రోజూ వాడకూడదు. నెలల తరబడి వాడినవారు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, అందుకే రెండు వారాలకోసారి పదోవంతు చొప్పున, ఒక్కోసారి ఇంకా నెమ్మదిగా తగ్గిస్తారు. ముగింపు తేదీ లేకుండా ఈ మాత్రలు రాసే అలవాటును వైద్యులు మానుకోవాలి. ఇందులో మొహమాటానికి తావు లేదు.

ప్యానిక్ అటాక్‌లో గుండె దడదడలాడి, ఊపిరాడక, చెమటలు పట్టి, ఇక పోతున్నాననిపించే భయం పది నిమిషాల్లో శిఖరానికి చేరుతుంది, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది. మొదటిసారి గుండెను తప్పక పరీక్షించాలి, అయిదోసారి అదే ఈసీజీ తీయడం జబ్బును పెంచడమే. చికిత్సలో ఆ శరీర లక్షణాల్నే కావాలని రప్పిస్తారు. నిమిషంపాటు సన్నని స్ట్రాతో ఊపిరి పీల్చడం, కుర్చీలో గిరగిర తిరగడం, మెట్లు ఎక్కి దిగడం. దడ పుట్టినా ప్రాణం పోలేదని శరీరం నేర్చుకోవాలి. తర్వాత లిఫ్టు, జనం ఉన్న చోటు, ఒంటరి ప్రయాణం... తక్కువ భయం నుంచి ఎక్కువ భయానికి. భయం పీక్‌లో ఉండగా బయటికొచ్చేస్తే ‘పారిపోయాను కాబట్టే బతికాను’ అన్న పాఠమే మిగులుతుంది. జేబులో మాత్ర పెట్టుకుని వెళ్లినా అంతే.

వద్దన్నా వచ్చే ఆలోచనలతో కంగారుపడి, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు ఓసీడీ. అందులోనూ ఇదే సూత్రం. తలుపు గొళ్లెం ముట్టుకోవాలి, చేయి కడుక్కోకూడదు, కంగారు తగ్గేదాకా ఆగాలి. ఇక్కడ ఇంట్లోవాళ్లు తమకు తెలియకుండానే జబ్బుకు సాయం చేస్తుంటారు. ‘గ్యాస్ కట్టేశానా?’ అని పదిసార్లు అడిగితే పదిసార్లు ‘కట్టేశావు’ అని చెప్పడం కూడా ఆ చక్రంలో భాగమే. ఆ జవాబును డాక్టరు సలహాతో, రోగితో ముందే మాట్లాడుకుని, మెల్లగా తగ్గించాలి. మందు మోతాదు డిప్రెషన్‌కన్నా ఎక్కువ కావాలి. సెర్ట్రలిన్ 200 మిల్లీగ్రాముల దాకా పోవచ్చు, ఫలితానికి 8 నుంచి 12 వారాలు చూడాలి. 50 మిల్లీగ్రాములు నెల వాడి తగ్గలేదనడం మందును పరీక్షించినట్టే కాదు.

లేని మాటలు వినపడటం, ఎవరో వెంటాడుతున్నారని గట్టిగా నమ్మడం స్కిజోఫ్రెనియాలో కనిపిస్తాయి. వాటికి నెలల ముందునుంచే చదువులో వెనకబడటం, గదిలోనే ఉండిపోవడం, స్నానం మానేయడం మొదలై ఉంటాయి. చికిత్స ఆలస్యమయ్యేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. ఆ నమ్మకం తప్పని వాదించొద్దు, నిజమేనని ఒప్పుకోనూ వద్దు. ‘ఆ మాటలు నాకు వినపడటం లేదు, నీకు మాత్రం భయంగా ఉందని అర్థమవుతోంది’ అంటే చాలు. రిస్పెరిడోన్ లాంటి మందులతో కొందరికి కాలు ఒకచోట నిలవదు, కూర్చోలేరు. అది మందు వల్లని పోల్చుకోక, జబ్బు ముదిరిందనుకుని మోతాదు పెంచడం చాలా హాని. ఒలాంజపిన్‌తో బరువు, షుగరు పెరుగుతాయి కాబట్టి మొదటి రోజే రెండూ కొలిచి ఉంచాలి. రెండు మందులు సరైన మోతాదులో చెరో ఆరు వారాలు వాడినా తగ్గకపోతే క్లోజపిన్ అనే మందు గురించి ఆలోచించాలి. తెల్లరక్తకణాల పరీక్షలు చేయించాల్సివస్తుందని దాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయడం రోగికి అన్యాయం. వృద్ధులు గంటల్లో, రోజుల్లో ఉన్నట్టుండి అయోమయంలో పడి లేనివి చూస్తుంటే అది చాలాసార్లు మానసిక జబ్బు కాదు, డెలీరియం. ఇన్ఫెక్షన్, సోడియం, కొత్తగా మొదలెట్టిన మందులు ముందు చూడాలి.

చావు ఆలోచనల గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది జంకుతారు. అడగడంవల్ల ఆలోచన పుట్టదు, చాలామందికి ఊరట కలుగుతుంది. బతకాలనిపించడం లేదా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా, ఎలా అన్నది అనుకున్నారా, ఏర్పాటేమైనా చేసుకున్నారా అని మెట్టుమెట్టుగా అడగాలి. చివరి రెండింటికి అవునంటే ఒంటరిగా ఇంటికి పంపకూడదు. తోడు మనిషిని పిలిపించి, అదే రోజు సైకియాట్రిస్టుకు చూపించాలి. ఇంట్లోని మందులు, పురుగుమందులు ఆ మనిషికి అందకుండా తీయించాలి. ఆ తీవ్ర వాంఛ చాలాసార్లు కొద్ది గంటలే ఉంటుంది, ఆ గంటలు గడిపించడమే ప్రాణం కాపాడుతుంది.

బీపీ రోగి వచ్చినప్పుడల్లా బీపీ కొలిచి చీటీమీద రాస్తారు. డిప్రెషన్ రోగికి పీహెచ్‌క్యూ-9 స్కోరు అలాగే రాయాలి. రెండో వారం, నాలుగో వారం, ఎనిమిదో వారం. నాలుగో వారానికి 18 నుంచి 16కే దిగిందని కాగితంమీద కనపడితే ‘పర్లేదు, అదే వాడండి’ అనడం కుదరదు. స్కోరు 5కు లోపల పడేదాకా మోతాదో, మందో, కౌన్సెలింగో ఏదో ఒకటి మారాలి. ఆ అంకెను రోగికి కూడా చూపించాలి. మందు మానాలా కొనసాగించాలా అనే ప్రశ్న ఇంట్లో వచ్చిన రోజున వాళ్లకు ఆధారంగా చూసుకోవడానికి ఆ చీటీయే ఉంటుంది.